తిరుగు టపా లేని కానుక

2004 జూలైలో అమెరికాలో కొద్దిమంది ఇళ్లకు పోస్టులో తేనె సీసాలు వచ్చాయి. వాళ్లెవరూ తేనె తెప్పించుకోలేదు. మూత తీసి చూస్తే లోపల విడివిడిగా అక్షరాలు. వాటిని వరసలో పేర్చుకుంటే ఒక వెబ్‌సైటు పేరు తేలింది. అది తేనె వ్యాపారం చేసుకునే ఒకావిడ సైటు, దాన్నెవరో పాడుచేసినట్టు కనబడుతుంది. అక్కణ్నుంచి మొదలైన కథ కొన్ని నెలలపాటు దేశంలో ఊరూరా పబ్లిక్ ఫోన్లను మోగించింది. చెప్పిన వేళకు ఆ బూత్ దగ్గర నిలబడి ఫోనెత్తడమే ఆట. 'ఐ లవ్ బీస్' అనే ఈ ఆటను, నవంబరు 9న రాబోతున్న 'హేలో 2' వీడియో గేము కోసం, మైక్రోసాఫ్ట్ డబ్బుతో 42 ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ నడిపింది. తేనె ఊరికే వచ్చింది. దాని ఖర్చు ప్రచారం పద్దులో పడింది.

సీసాలు అందుకున్నవాళ్లు చీట్లు తీస్తే వచ్చినవాళ్లు కారు. 2001లో 'ఎ.ఐ.' సినిమా కోసం నడిచిన 'ది బీస్ట్' లాంటి ఆటల్లో రాత్రీపగలూ తలమునకలైన పాతకాపులు. వాళ్లకొక వింత వస్తువు అందితే చాలు, మిగతా ప్రపంచానికి వాళ్లే చాటుతారని పంపినవాళ్లకు తెలుసు.

ఆన్‌లైన్ ఆటల అభిమానులకు ఇలా చేతికందే వస్తువులు ఉచితంగా పంపడం మార్కెటింగు వాళ్ల తెలివని చాలామంది అనుకుంటారు. దీని వేర్లు ఇంకా వెనక, 1960ల శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో, న్యూయార్క్ పోస్టు డబ్బాల్లో ఉన్నాయి. అలా పంపడం ప్రేమా వ్యాపారమా అన్న వాదన కూడా అంత పాతదే. మన ఇళ్లకు 'సోవియట్ భూమి'తో పాటు వచ్చిన రంగుల కేలండర్లు, పిల్లల పుస్తకాలకు అట్టలైన ఆ నున్నటి కాగితాలు గుర్తున్నవాళ్లకు ఈ వాదన ఎటూ తెగదని తెలుసు. అది కానుకే, ప్రచారమూ. కాబట్టి నేనిక్కడ వాడే కొలత వేరు. అందుకున్నవాడికి తిరిగి ఏదైనా పంపే దారి ఉందా?

ముందు శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల సంగతి. మత్తు కలల రంగుల్ని కాగితం మీద పెట్టే సైకడెలిక్ కళ అనగానే కళ్లు తిరిగే పోస్టర్లు గుర్తొస్తాయి. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు డాన్సు హాళ్లు పోటాపోటీగా నడిచాయి. ఒకటి చెట్ హెల్మ్స్ ఫ్యామిలీ డాగ్ బృందానిది, అవలాన్ బాల్‌రూమ్. రెండోది బిల్ గ్రాహమ్ నడిపిన ఫిల్మోర్. కచేరీ ఎప్పుడో, ఎవరిదో చెప్పడం పోస్టరు పని. కానీ వెస్ విల్సన్ అక్షరాలు మంటల్లా ఎగసి ఒకదాంట్లో ఒకటి కరిగిపోయేవి. ఆ అక్షరాల పోకడ అతనికి వియన్నా చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ నుంచి అబ్బింది. విక్టర్ మొస్కోసో యేల్‌లో జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర రంగుల శాస్త్రం చదువుకున్నవాడు. పక్కపక్కన పెట్టకూడదని అక్కడ నేర్చుకున్న రంగుల్నే పక్కపక్కన పెట్టి కాగితం వణికేలా చేశాడు. దారినపోయేవాడు ఆగాలి, తల వంచాలి, పోస్టరుతో కుస్తీ పట్టాలి. అప్పుడుగాని తేదీ తెలియదు. చూసేవాడి చేత పని చేయించే ఈ కిటుకును పజిల్ ఆటలవాళ్లు తర్వాత తమ ఆస్తి చేసుకున్నారు.

ఈ పోస్టర్లు చాలావరకు ఊరికే దొరికేవి. స్తంభాల మీంచి కుర్రాళ్లు పీక్కుపోయేవారు. పోస్టుకార్డు సైజులో అచ్చేసి చిరునామాల జాబితా ప్రకారం ఇళ్లకు పంపేవారు. ఫిల్మోర్‌లో కచేరీ అయ్యాక పోస్టరు చేతికిచ్చేవారు, పీపాలో ఆపిల్ పళ్లు పెట్టి తీసుకోమనేవారు. గీరీ బొలెవార్డు మీద ఉన్న ఫిల్మోర్‌లో హాలు నిండిన రోజున పోస్టరు పంచే అలవాటు ఇప్పటికీ ఉంది. బే ఏరియాలో ఉన్న మన పిల్లల గదుల్లో అలాంటిది వేలాడుతుంటే ఆ అలవాటు వయసు దాదాపు అరవై ఏళ్లని తెలుసుకోవచ్చు.

ఉదారంగా ఇచ్చినవాళ్లు అంతే ఉదారంగా తీసుకున్నారు కూడా. 1966లో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీకి స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ వేసిన గులాబీల అస్థిపంజరం ప్రపంచమంతటా టీషర్టుల మీదికెక్కింది. ఆ బొమ్మ వాళ్లది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తుంటే దొరికింది. ఒమర్ ఖయ్యాం రుబాయీలకు ఎడ్మండ్ సలివన్ గీసిన నలుపు తెలుపు చిత్రానికి రంగులద్దారు. దువ్వూరి రామిరెడ్డి 'పానశాల'తో ఖయ్యాంను మనవాడిగా చేసుకున్న తెలుగు పాఠకుడికి, అదే కవి కాలిఫోర్నియా రాక్ బృందానికి జెండా అయ్యాడంటే తమాషాగా ఉంటుంది. 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో జరిగిన 'హ్యూమన్ బీ-ఇన్' అనే హిప్పీల సభ పోస్టర్లలో ఒకదాని మీద నుదుట మూడో కన్నుతో మన సాధువు ఉన్నాడు. ఫొటో తీసినవాడి పేరు, దానికి మెరుగులు దిద్దిన చిత్రకారుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. సాధువు పేరు లేదు.

ఉచితాన్ని సిద్ధాంతంగా పట్టుకుని చివరిదాకా లాగినవాళ్లు డిగ్గర్లు. 1966 శరత్కాలంలో పార్కులో ఊరికే అన్నం పెట్టారు, ధరల్లేని కొట్టు తెరిచారు. వాళ్లతో కలిసి తిరిగిన కమ్యూనికేషన్ కంపెనీ గెస్టెట్నర్ నకళ్ల యంత్రం మీద కరపత్రాలు తీసి హైట్ వీధిలో పంచిపెట్టింది. ఇదంతా ఏడాది తిరిగేసరికి తెరమరుగైంది. 1967 అక్టోబరు 6న వాళ్లూ వాళ్ల మిత్రులూ కలిసి 'హిప్పీ' చనిపోయాడంటూ ఉత్తుత్తి శవయాత్ర తీశారు. కాలిఫోర్నియా ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందును నేరం చేసి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. మరుసటి ఏడు అదే వీధిలో రాబర్ట్ క్రంబ్ తన 'జాప్ కామిక్స్' మొదటి సంచికను పసిపిల్లల బండిలో పెట్టి అమ్మాడు. అండర్‌గ్రౌండ్ కామిక్స్ కథ వేరే వ్యాసానికి చాలినంత పెద్దది. ఇక్కడ వాటిని దాటిపోతాను.

తపాలాను కళగా చేసిన మనిషికి ఈ మత్తు గొడవతో సంబంధం లేదు. డెట్రాయిట్‌లో పుట్టి, బ్లాక్ మౌంటెన్ కాలేజీలో చదివి, న్యూయార్క్ చేరిన రే జాన్సన్ 1950ల నుంచే ఎరిగినవాళ్లకీ ఎరగనివాళ్లకీ చిన్నచిన్న కోలాజ్‌లు కవర్లో పెట్టి పంపేవాడు. వాటి మీద తరచు ఒక సూచన ఉండేది: దీనికి మీరేదైనా చేర్చి ఫలానావారికి పంపండి. 1962లో మిత్రుడొకరు ఈ వ్యవహారానికి న్యూయార్క్ కరెస్పాండెన్స్ స్కూల్ అని పేరు పెట్టాడు. 1970లో విట్నీ మ్యూజియం దీని మీద ప్రదర్శన పెట్టినప్పుడు జాన్సన్ తను చేసినవి పంపలేదు, తనకు జనం పంపినవి పెట్టించాడు. అతని తర్వాత ప్రపంచమంతా వ్యాపించిన మెయిల్ ఆర్ట్ రివాజు ఇది: రుసుము లేదు, వడపోత లేదు, వచ్చిందంతా గోడకెక్కుతుంది. అమ్మకం లేనిచోట విమర్శకుడికీ పని లేదు. అందువల్ల చెత్త కూడా కుప్పలుగా పోగుపడిందన్నది నిజం. పోనివ్వండి, చెత్త లేని తోట ఎక్కడుంది.

జాన్సన్ మరీ సాధుజీవి కాడు. నచ్చనివాళ్లను బడి నుంచి తొలగించానని ఉత్తరాలు రాసేవాడు. 1973లో బడి చచ్చిపోయిందని 'న్యూయార్క్ టైమ్స్' మరణవార్తల విభాగానికే రాశాడు. ఆపైన కొత్త పేర్లతో మళ్లీ నడిపాడు. ఈ తపాలా కళ, సైకడెలిక్ వారసత్వం, వీడియో గేములు మూడూ ఒకే మనిషిలో కలిసింది మార్క్ మదర్స్‌బా దగ్గర. ఓహియోలో డీవో అనే రాక్ బృందం పెట్టినవాడు, దశాబ్దాలుగా పోస్టుకార్డు సైజు బొమ్మలు గీస్తున్నవాడు. 1996 నాటి 'క్రాష్ బ్యాండికూట్' సంగీతాన్ని జోష్ మాన్సెల్ కూర్చింది ఆయన స్టూడియోలోనే.

అందరికంటే ఎక్కువ చోటు ఇవ్వాల్సింది గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులకు. 1971లో వచ్చిన వాళ్ల జంట ఆల్బమ్ అట్ట మీద ఆ ఖయ్యాం అస్థిపంజరమే ఉంది. లోపల అభిమానులను మీరెవరు, ఎక్కడున్నారు, మీ చిరునామా రాయండి అని అడిగారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ చిరునామాలకు బృందం వార్తాపత్రికలు, తర్వాత నమూనా రికార్డులు కూడా ఉచితంగా పంపింది. ఇంతవరకు ఇది ఏ కంపెనీ అయినా చేసే పనే.

అసలు విశేషం అభిమానులు తమలో తాము చేసుకున్న ఏర్పాటులో ఉంది. కచేరీలను టేపు చేసుకోవడాన్ని బృందం చూసీచూడనట్టు ఊరుకుంది. 1984 అక్టోబరులో బర్కిలీలో టేపు చేసేవాళ్లకు ప్రత్యేకంగా సీట్లే కేటాయించింది. ఒక్క షరతు, డబ్బుకు అమ్మకూడదు. మరి చేతిలో ఒక్క టేపూ లేని కొత్త కుర్రాడు మార్పిడి దేంతో చేస్తాడు? దానికి 'బ్లాంక్స్ అండ్ పోస్టేజ్' అనే పద్ధతి పుట్టింది. ఖాళీ కేసెట్లు, తిరుగు టపాకు సరిపడా స్టాంపులు అంటించిన కవరు పంపితే, ముక్కూమొహం తెలియని పెద్దమనిషి కచేరీని వాటిలోకి ఎక్కించి వెనక్కి పంపేవాడు. దానికి అతను తీసుకునేది ఏమీ లేదు. రేపు ఇంకో కొత్తవాడు నిన్ను అడుగుతాడు, నువ్వూ ఇలాగే చెయ్ అన్న అలిఖిత నియమం తప్ప. కేసెట్ మీద కచేరీ తేదీ, ఊరు, పాటల వరస చేత్తో రాసి, బొమ్మలు గీసిన అట్ట చుట్టి పంపేవారు. టేపు రికార్డరు పెట్టుకున్న ప్రతివాడూ ఒక పోస్టాఫీసు అయ్యాడు.

1983 నుంచి బృందం టికెట్లను సొంతంగా పోస్టులో అమ్మింది. ఇండెక్సు కార్డు మీద వివరాలు, మనియార్డరు, సొంత చిరునామా రాసిన కవరు, ఏది తేడా వచ్చినా టికెట్ లేదు. కవరు మీద బొమ్మ బాగుంటే మనది ముందు తీస్తారని ఒక నమ్మకం పుట్టింది. దాంతో రంగురంగుల ఎలుగుబంట్లు, గులాబీలు, పుర్రెలతో వేల కవర్లు వచ్చాయి. అవి ఇప్పుడు శాంటాక్రూజ్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం భద్రపరిచిన డెడ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఫిల్మోర్ పోస్టర్లు వేసింది గుప్పెడు మంది, పేరున్నవాళ్లు. ఈ కవర్లు వేసింది టికెట్ కొనుక్కునే జనం. సైకడెలిక్ కళలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

ఈ జనమే ఆన్‌లైన్ లోకానికి మొదటి కాపురస్థుల్లో కొందరయ్యారు. 1985లో స్టీవర్ట్ బ్రాండ్, లారీ బ్రిలియంట్ కలిసి సాసలీటోలో 'ది వెల్' అనే ఆన్‌లైన్ చర్చావేదిక మొదలుపెట్టారు. బ్రిలియంట్ అంతకుముందు మన దేశంలో మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టరే. తొలి రోజుల్లో దాని రాబడికి పెద్ద ఆసరా డెడ్‌హెడ్లనబడే ఈ అభిమానుల చందాలు. టేపుల బేరసారాలు కీబోర్డు మీదికొచ్చాయి. టేపు మాత్రం పోస్టులోనే వచ్చింది.

ఇక చీకటి వైపు. తపాలాలో కేసెట్లతో పాటు ఇంకోటి కూడా తిరిగింది. ఎల్‌ఎస్‌డి ద్రవంలో ముంచిన బ్లాటింగ్ పేపరు, చిన్నచిన్న చతురస్రాలుగా చిరుగు గీతలు పెట్టి, పైన బొమ్మలచ్చేసి. అచ్చులో ఎంతో నైపుణ్యం, వేసినవాడి సంతకం మాత్రం ఉండదు, ఉంటే జైలే. శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ ప్రాంతంలో మార్క్ మెక్‌లౌడ్ అనే కళాకారుడు ఈ కాగితాలను ఏళ్లకేళ్లు సేకరించి చట్రాలు కట్టించి ఇంటినే మ్యూజియం చేశాడు, 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇల్లీగల్ ఇమేజెస్' అని పేరు పెట్టాడు. ప్రభుత్వం అతన్ని కోర్టుకీడ్చింది. 2001లో కాన్సస్ సిటీ జూరీ నిర్దోషి అంది. మందు తగలని కాగితం వట్టి కాగితమే. తర్వాత అలాంటి వట్టి కాగితాలకే, ఆల్బర్ట్ హాఫ్‌మన్, తిమోతీ లియరీ వంటివాళ్ల సంతకాలతో, సేకరణకర్తల బజారు పుట్టింది.

కాగితం బరువు కోర్టులో ఎంత పలికిందో చూస్తే ఈ బొమ్మల మీద మోజు కొంత తగ్గుతుంది. 1991 నాటి చాప్‌మన్ కేసులో వెయ్యి మోతాదుల్లో ఉన్న అసలు మందు 50 మిల్లీగ్రాములు. కాగితంతో కలిపి తూస్తే 5.7 గ్రాములు. ఒక గ్రాము దాటితే తప్పనిసరిగా కనీసం ఐదేళ్లు. కాగితాన్ని కూడా తూయాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. డెడ్ కచేరీల వెంట తిరిగిన కుర్రాళ్లలో ఎందరో ఆ తూకంలో పడి యౌవనం జైళ్లలో గడిపారు. ప్రేమ, స్వేచ్ఛ అంటూ ఈ కాలాన్ని పొగిడే పుస్తకాలు ఆ తూకం దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తాయి. 1966 అస్థిపంజరం పోస్టరు తొలి ముద్రణ ప్రతి వేలంలో లక్ష డాలర్లు దాటిన సంగతి మాత్రం అందరూ చెబుతారు.

ఆటల వైపు వస్తే, మొదటి మంచి ఉదాహరణ ఇంటర్నెట్ ఇంట్లోకి రాకముందే ఉంది. 1979లో కాలిఫోర్నియాలో అటారీ అనే గేముల కంపెనీ నుంచి బయటికొచ్చినవాళ్లతో మొదలైన యాక్టివిజన్ ఒక ఆనవాయితీ పెట్టింది. 1982లో వచ్చిన 'పిట్‌ఫాల్!'లో 20,000 పాయింట్లు, కారల్ షా రాసిన 'రివర్ రైడ్'లో 15,000 పాయింట్లు సాధించి, టీవీ తెరను ఫొటో తీసి పంపితే, కుట్టుపని చేసిన గుడ్డ బ్యాడ్జి ఉచితంగా ఇంటికొచ్చేది. పిల్లవాడు గదిలో లైటార్పి, తెర మీద స్కోరు పడేలా ఫొటో తీసి, రీలు కడిగించి, పోస్టులో వెయ్యాలి. బ్యాడ్జి వ్యాపారమే, అనుమానం లేదు. కానీ అందులో పిల్లవాడి చేతి పని ముందు వెళ్తుంది, బదులు తర్వాత వస్తుంది.

మసాచుసెట్స్‌లో ఇన్ఫోకామ్ ఇంకో దారి పట్టింది. 1982లో 'డెడ్‌లైన్' అనే హత్య కేసు ఆటకు కావలసిన సమాచారమంతా డిస్కులో పట్టలేదు. దాంతో పోలీసు విచారణ పత్రాలు, ప్రయోగశాల నివేదిక, చివరికి మాత్రలు కూడా పెట్టెలో పెట్టారు. జనానికి అవి బాగా నచ్చాయి. 1984లో 'హిచ్‌హైకర్స్ గైడ్' ఆట పెట్టెలో ఖాళీ ప్లాస్టిక్ సంచి ఉండేది. అది కంటికి కనబడనంత చిన్న అంతరిక్ష నౌకాదళమట! దొంగ ప్రతి చేసుకున్నవాడికి ఈ వస్తువులుండవు, కొన్ని ఆటలు అవి లేకుండా ముందుకు సాగవు. కానుక రూపంలో తాళం అన్నమాట.

ఆన్‌లైన్ యుగంలో కానుక విధేయతకు కొలత అయింది. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' పదేళ్ల పండుగప్పుడు, మొదటి రోజుల్లో చేరి పదేళ్లూ చందా విడవకుండా కట్టినవాళ్లకు బ్లిజార్డ్ సంస్థ తోడేలు మీద స్వారీ చేసే ఓర్క్ బొమ్మను పోస్టులో పంపింది. అర్వైన్‌లో వాళ్ల ఆఫీసు ముందున్న విగ్రహానికి చిన్న నకలు. అందుకున్నవాళ్లు మురిసిపోయారు, తప్పు లేదు. నెలకు దాదాపు 15 డాలర్ల లెక్కన పదేళ్లకు 1,800 డాలర్లవుతుంది. ఆ బొమ్మకు జవాబు రాసే చిరునామా లేదు. బ్యాడ్జి కోసం పిల్లవాడు ఫొటో పంపేవాడు. ఇక్కడ బ్యాంకు కార్డు నెలనెలా పంపిందే చాలు.

అందుకే 'ఐ లవ్ బీస్' నాకు రెండు మనసులు పుట్టిస్తుంది. డబ్బు కంపెనీది, లక్ష్యం అమ్మకం. అయినా తేనె అందుకున్నవాళ్లు ఊరుకోలేదు, వేలమందిని పోగుచేశారు, ఫోన్ బూత్‌ల దగ్గర కాపలా కాశారు, కథలో పాత్రలతో మాట్లాడి కొన్నిచోట్ల కథనే మలిచారు. తిరుగు టపా ఉంది, అడ్రసు మాత్రం కంపెనీది. ఇప్పటి ఆటల్లో ఇదీ తగ్గింది. ప్రసారం చూస్తూ కూర్చుంటే ఖాతాలో పడే రంగు చొక్కా, కత్తి లాంటి డిజిటల్ కానుకలకు స్టాంపు ఖర్చు లేదు, చిరునామా అక్కర్లేదు, ఆట మూతపడితే అవీ ఉండవు.

చిరునామా ఇవ్వడానికి జనం వెనకాడుతున్న మాటా నిజమే. 1971లో రాక్ బృందానికి ఇంటి చిరునామా రాయడం స్నేహం. ఈ రోజు అదే పని చేస్తే ఎవరి జాబితాకెక్కుతుందో చెప్పలేం. అమెరికాలో ఒకప్పుడు ఐదారు సెంట్లున్న ఉత్తరం స్టాంపు 2025 జూలైలో 78 సెంట్లయింది. అదే ఏడాది ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు విదేశీ పార్శిళ్లకున్న సుంకం మినహాయింపు పోయింది. మన తపాలా శాఖ కొన్ని వారాలు అమెరికాకు బుకింగ్ ఆపేసింది. పచ్చళ్ల కోసం ఎదురుచూసినవాళ్లకు ఇది బాగా గుర్తుంటుంది. సరిహద్దులు దాటి చిన్న కవర్లు పంపుకునే కళాకారుల బాధ వార్తల్లోకి రాలేదు. మరోవైపు అమెరికా తపాలా శాఖ 1974లో పీటర్ మాక్స్ చేత సైకడెలిక్ స్టాంపు వేయించింది, 2014లో రాక్ గాయకులు హెండ్రిక్స్, జోప్లిన్‌ల స్టాంపులు తెచ్చింది. అడగకుండా పోస్టులో వచ్చిన సరుకును డబ్బు కట్టకుండా కానుకగా ఉంచుకోవచ్చని 1970 నాటి చట్టం ఇప్పటికీ చెబుతోంది.

ఆటల కంపెనీల్లో ఈ కొలతకు నిలబడినది ఒకటి గుర్తొస్తుంది. వాంకూవర్, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి పనిచేసిన టైనీ స్పెక్ 2011లో 'గ్లిచ్' అనే ఆన్‌లైన్ ఆట తెచ్చింది. పదకొండు మంది రాక్షసుల ఊహల్లో పుట్టిన లోకం, మాట్లాడే చెట్లు, మర్దన చేస్తే పాలిచ్చే సీతాకోకచిలుకల తరహా వింతలు. 1967 పోస్టర్ల మనవరాలనదగ్గ రంగులు. ఆడేవాళ్లు చాలక 2012 డిసెంబరులో మూతపడింది. కొనుక్కున్నదానికి డబ్బు కావాలంటే వెనక్కి తీసుకోండన్నారు. తమ పనికోసం వాళ్లు తయారుచేసుకున్న సందేశాల సాధనం తర్వాత 'స్లాక్' అయింది, ఆ డబ్బు కథ అందరికీ తెలుసు. 2013 నవంబరులో ఆట తాలూకు పదివేలకు పైగా బొమ్మలను, కొంత కోడును ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని ప్రజలకు వదిలేశారు. పెట్టె లేదు, పోస్టు లేదు. అభిమానులు ఆ బొమ్మలు తీసుకుని పాత లోకాన్ని తమ చేతులతో మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టారు. అలా పుట్టిన ప్రయత్నాల్లో ఒకటి 'ఇలెవెన్', ఇంకోటి 'ఆడ్ జెయింట్స్'.